ముక్క వేస్తే పేరు చెప్పాలి

“అమ్మా, ఆయనకి ఉప్పు కావాలేమో అడుగు,” అన్నాడు చిన్నాడు.

మొన్న మంగళవారం దాకా అన్నయ్య. ఇప్పుడు ఆయన.

“ఒరేయ్ పెద్దోడా, ఉప్పు కావాలా?” అని అడిగాను.

“అక్కర్లేదని చెప్పు.”

“అక్కర్లేదటరా,” అని చిన్నాడికి చెప్పాను.

ఇద్దరి మధ్యా జానెడు దూరం ఉంది. ఆ జానెడులో నాలుగు రోజులుగా కబుర్లు మోసీ మోసీ నా గొంతు ఎండిపోయింది. పసిపిల్లలప్పుడు ఒకే దుప్పట్లో పడుకుని కాళ్లతో తన్నుకునేవాళ్లు. ఆ తన్నులే నయం. తన్నుకున్నవాళ్లు తెల్లారేసరికి మరిచిపోతారు.

పెద్దాడు నీళ్ల కోసం చెయ్యి చాపాడు. చెయ్యి గ్లాసుకి తగిలి అది దొర్లిపోయింది. పెద్దకోడలు నిట్టూర్చి, భుజం మీద ఉన్న కుట్టుగుడ్డ తీసి తుడిచింది. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని వీధంతటికీ బట్టలు కుడుతుంది నా పెద్దకోడలు. నాలుగు రోజులుగా ఆ మిషను చప్పుడు కూడా లేదు.

“ఏవండీ, రేపు పదింటికి ఏం చెబుతారు?” అంది తుడుస్తూనే.

“రాసిచ్చిందే చెబుతాను. బ్రేకు పడలేదు.”

“అమ్మా,” అన్నాడు చిన్నాడు, తల ఎత్తకుండా. “ఆ బ్రేకు ముందురోజు రాత్రి నేను మూడుసార్లు తొక్కి చూసి సంతకం పెట్టానని ఆయనకి చెప్పు. గుద్దుకున్నాక కూడా తొక్కి చూశానని చెప్పు. పడుతోందని చెప్పు.”

ఆ కబురు నేను మొయ్యలేదు. మోయడానికి ఓపిక లేదు.

సంగతి అదే. పెద్దాడు బస్సు డ్రైవరు. పద్దెనిమిదేళ్లలో బండికి గీత పడనివ్వలేదు. డిపోలో వాడి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ సూదిబెజ్జం అనే పిలుస్తారు. సూదిబెజ్జంలోంచి అయినా బస్సు దూర్చి తీసుకొస్తాడని. అలాంటివాడు బుధవారం పొద్దున్నే డిపో గేటు దాటుతూ, అన్నేళ్లుగా అక్కడే ఉన్న స్తంభాన్ని గుద్దాడు. బస్సులో ఎవరూ ఎక్కలేదు కాబట్టి సరిపోయింది. ఏం జరిగిందో రాసిమ్మంటే, బ్రేకు పడలేదని రాసిచ్చాడు.

బ్రేకు చూసి సంతకం పెట్టింది వాడి తమ్ముడు. అదే డిపోలో మెకానిక్కు. ఇంకా పర్మినెంటు కాలేదు, రెండు నెలల్లో అవుతుంది. అవుతుందని అనుకున్నాం. రేపు సోమవారం పదింటికి విచారణ. పెద్దాడు రాసిన మాట మీదే నిలబడితే చిన్నాడిని ఇంటికి పంపించేస్తారు. పెద్దాడికి ఏం కాదు. మంగళవారం పొద్దున మొదటి బస్సు వాడిదేనని అప్పుడే చెప్పేశారు కూడా.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అయ్యాయి అంటే గిన్నెలు ఖాళీ కాకుండానే అందరూ లేచారు. బయట వాన. కరెంటు పోయింది. రెండు గదుల ఇల్లు, అయిదుగురం మనుషులం. మనవరాలిని ఈ గొడవ చెవిన పడకూడదని వాళ్ల అమ్మమ్మ ఇంటికి పంపించేశాం. అది ఉంటే కాస్త గలగలమనేది. వాన పడుతుంటే అలిగి బయటికి పోవడానికి కూడా లేదు. అలకకి కూడా జాగా ఉండాలి మరి.

అప్పుడు నేను లేచి బీరువా మీది రేకు డబ్బా దించాను.

“ఎందుకత్తయ్యా ఇప్పుడు పేకముక్కలు?” అంది పెద్దకోడలు. “చావు ఇంట్లో చదరంగంలాగా.”

“ఇంకా ఎవరూ చావలేదు. కూర్చో. గాడిద ఆడదాం.”

“నేను రాను,” అన్నాడు చిన్నాడు.

“నాకు నిద్రొస్తోంది,” అన్నాడు పెద్దాడు.

“నాకూ నిద్రొస్తోంది నాయనా. బుధవారం నుంచి వస్తోంది. పడుకుంటే మాత్రం పట్టడం లేదు. ముసల్దాన్ని అడుగుతున్నాను, ఒక్క ఆట. ఓడినవాళ్లు గిన్నెలు కడగాలి, ఎప్పట్లాగే.”

ఏ కళనున్నారో, వచ్చి కూర్చున్నారు. దుప్పటి పరిచాను. అన్నదమ్ముల మధ్య గోడ కట్టినట్టు చిన్నకోడల్ని కూర్చోబెట్టాను.

ఈ పిల్ల మా ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. లైబ్రరీలో ఉద్యోగం. నోరు తెరిస్తే ఎవరైనా జరిమానా వేస్తారేమో అన్నట్టుంటుంది. పిల్లి నడిచినా చప్పుడు వినపడుతుంది గానీ, ఈ పిల్ల గదిలోకి వస్తే తెలియదు. మంచి పిల్ల. మొగుడి ఉద్యోగం పోతుందన్న మాట విన్న దగ్గర్నుంచి కళ్ల కింద నల్లగా అయింది. ఒక్క మాట మాత్రం అనలేదు.

“అత్తయ్యా, నాకు రాదు,” అంది.

“గాడిద రాకపోవడమేమిటే! ముక్క పట్టుకోవడం వస్తే ఆట వచ్చినట్టే,” అని పెద్దకోడలు నేర్పడం మొదలెట్టింది. దాని నోటికి పని దొరికితే దాని మనసు కాస్త తేలికవుతుంది. “ఇదిగో, ఇవి నాలుగు జాతులు. ఇస్పేటు, ఆఠీను, డైమండు, కళావరు. ఇస్పేటు ఆసు ఎవరికొస్తే వాళ్లు మొదలెడతారు. వేసిన జాతే అందరూ వెయ్యాలి. అందరూ వేస్తే ఆ ముక్కలు చచ్చినట్టు, పక్కన పడేస్తాం. పెద్ద ముక్క వేసినవాళ్లు మళ్లీ ఎత్తుకుంటారు, అంటే తర్వాతి ముక్క ముందు వాళ్లే వేస్తారు. సరేనా?”

“ఆ జాతి నా దగ్గర లేకపోతే, అక్కా?”

“కోసెయ్యడమే! ఏ జాతిదైనా ఇంకోటి వేసి కోత పెట్టొచ్చు. అప్పుడు అప్పటిదాకా పెద్ద ముక్క వేసినవాళ్ల నెత్తిన ఆ ముక్కలన్నీ పడతాయి. చేతిలో ముక్కలైపోయినవాళ్లు బయటపడ్డట్టు. ఆఖరికి ఎవరి చేతిలో ముక్కలు మిగిలితే వాళ్లే గాడిద. మీ ఆయన మా పెళ్లయిన కొత్తలో వరసగా ఏడుసార్లు గాడిద అయ్యాడు, అడుగు కావాలంటే.”

“ఆరుసార్లు,” అన్నాడు చిన్నాడు. కాస్త నవ్వాడేమో అనిపించింది. చూసేలోపే పోయింది.

“ఇంకో సంగతి. ముక్క వేస్తే పేరు చెప్పాలి. గట్టిగా. ఆఠీను మూడు, కళావరు రాజు, అలాగ.”

“ఎందుకక్కా? కనబడుతూనే ఉంటుంది కదా?”

“ఎందుకంటే… ఎందుకేమిటే? మా ఇంట్లో అంతే!”

నేనే చెప్పాను. “మీ మామగారికి చివరి రోజుల్లో చూపు ఆనేది కాదమ్మా. ఆయన కోసం పేర్లు చెప్పడం మొదలెట్టాం. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. అలవాటు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.”

చిన్నకోడలు తలూపింది. నేను ముక్కలు పంచాను. వేళ్లు నొప్పులు పుడుతున్నా పంచడం మాత్రం ఎవరికీ ఇవ్వను.

పెద్దాడు ముక్కలు సర్దుకోవడానికి చాలాసేపు పట్టింది. ఒక్కొక్కటీ మొహం దగ్గరికి తెచ్చుకుని, ఆలోచించి, పక్కన పెట్టుకుంటున్నాడు.

“ఏమండోయ్, బస్సు నడుపుతున్నారా, పేక సర్దుతున్నారా?” అంది వాళ్లావిడ. “ఇస్పేటు ఆసు!” అని ముక్క వేసింది.

“ఇస్పేటు ఆరు,” చిన్నాడు.

చిన్నకోడలు చప్పుడు చెయ్యకుండా ముక్క పెట్టింది.

“నోరు!” అంది పెద్దకోడలు.

“అయ్యో. ఇస్పేటు జాకీ.”

“ఇస్పేటు మూడు,” అన్నాడు పెద్దాడు, టక్కున. “ఇస్పేటు ఎనిమిది,” అన్నాను నేను. ఆ అయిదు ముక్కలూ పక్కకి పోయాయి.

అలా నాలుగైదు చుట్లు తిరిగింది. చెప్పొద్దూ, నాకు ప్రాణం కాస్త కుదుటపడింది. అన్నదమ్ములు మాట్లాడుకోవడం లేదు గానీ, ఒకడు ‘కళావరు పది’ అంటే ఇంకొకడు ‘కళావరు రెండు’ అంటున్నాడు. అదీ మాటే కదా. ఒకరి మాట వెంట ఇంకొకరి మాట పడుతోంది. వాన పడుతోంది. ఇలాగే ఆడుతూ ఉంటే సోమవారం రాదేమో అన్నంత పిచ్చి ఆశ పుట్టింది.

ఒక చుట్టులో చిన్నకోడలి ముక్క పెద్దదైంది. మళ్లీ ఎత్తుకోవడం ఆ పిల్ల వంతు. ఒక ముక్క తీసి దుప్పటి మీద పెట్టింది. డైమండు తొమ్మిది. పేరు చెప్పడం మళ్లీ మరిచిపోయింది. అప్పుడే పెద్దకోడలు కిటికీ లోంచి జల్లు కొడుతోందని తలుపు దగ్గరగా వేస్తోంది, గదమాయించేవాళ్లు లేరు.

పెద్దాడు కింది ముక్క వైపు చూశాడు. చేతిలో ముక్కల వైపు చూశాడు. కాసేపాగి, “ఆఠీను ఏడు,” అని వేశాడు.

“కోత!” అని కింది ముక్కలు చూసి అక్కణ్నుంచే అరిచింది పెద్దకోడలు. “కొత్తమ్మాయని కూడా చూడకుండా కోసేశారే! తీసుకో, రెండూ నీవే.”

ఆ పిల్ల రెండు ముక్కలూ తీసి చేతిలో పెట్టుకుంది. ఆట సాగింది.

ఇంకో రెండు చుట్లయ్యాక చిన్నాడు ఎత్తుకున్నాడు. “డైమండు రాజు.”

“డైమండు తొమ్మిది,” అంది చిన్నకోడలు, ఈసారి గుర్తుపెట్టుకుని.

“డైమండు అయిదు,” అన్నాడు పెద్దాడు.

నేను నా ముక్క తియ్యబోతున్నాను. చిన్నకోడలు నా వైపు తిరిగింది.

“అత్తయ్యా, చేతిలో జాతి ఉంచుకుని కూడా కొయ్యొచ్చా?”

“కొయ్యకూడదమ్మా. ఉంటే అదే వెయ్యాలి.”

“మరి ఇందాక నేను డైమండు వేస్తే బావగారు ఆఠీను వేశారు. ఇప్పుడు డైమండు వేశారు. నాకు ఆట సరిగ్గా అర్థం కాలేదేమోనని అడిగాను, అంతే.”

నిజంగానే అంతే. ఆ పిల్ల మొహంలో ఇంకేమీ లేదు. బళ్లో కొత్తగా చేరిన పిల్ల పాఠంలో సందేహం అడిగినట్టు అడిగింది.

పెద్దకోడలు పకపకా నవ్వింది. నాలుగు రోజుల తర్వాత ఆ ఇంట్లో మొదటి నవ్వు. “తొండి! పట్టేసింది చూశారా! లైబ్రరీలో లెక్కపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకుంది. తొండి ఆడారు, రెండు ముక్కలూ వెనక్కి తీసుకోండి!”

“నేను తొండి ఆడలేదు,” అన్నాడు పెద్దాడు.

“అబ్బ, ఆటకేనండీ…”

“ఆడలేదన్నానా!”

వాడి గొంతు అంత లేస్తుందని ఎవరూ అనుకోలేదు. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

చిన్నాడు చేతిలో ముక్కలు బోర్లించాడు. “అమ్మా, కోప్పడొద్దని చెప్పు ఆయనకి. తప్పు తను చేసి ముక్కలు పక్కవాళ్ల నెత్తిన పడెయ్యడం ఆయనకి కొత్తేం కాదుగా.”

“ఒరేయ్!” అన్నాడు పెద్దాడు. నేరుగా. నాలుగు రోజుల తర్వాత.

“ఏంటన్నయ్యా?” అన్నాడు చిన్నాడు, వాడూ నేరుగానే. “ఏంటి చెప్పు! బ్రేకు పడలేదా? ఆ స్తంభం ఏమైనా లేచి నీకు ఎదురొచ్చిందా? చిన్నప్పుడు సైకిలు నేర్పించావు, చేతిలో పానా పెట్టి పని నేర్పించావు, నన్ను ఆ డిపోలో పెట్టించింది నువ్వే. నువ్వే తీయించేస్తావా? ఎందుకు? అది చెప్పు చాలు, ఉద్యోగం పోయినా పోనీ.”

“కరెంటు లేదు,” అన్నాడు పెద్దాడు. “చీకటిగా ఉంది. ఆఠీనూ డైమండూ రెండూ ఎర్రవే. పొరపాటు పడ్డాను. దానికి ఇంత రాద్ధాంతమా?”

“పొరపాటా?” అంది వాళ్లావిడ నెమ్మదిగా. “మీరా?”

బయట వాన తగ్గింది.

చిన్నకోడలు లేచింది. వెళ్లి కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచింది. మబ్బు చీలినట్టుంది, వెలుతురు వచ్చి సరిగ్గా దుప్పటి మీద పడింది. దాని మీది అతుకులు, పెద్దకోడలు వేసిన కుట్లు, అన్నీ లెక్కపెట్టొచ్చు.

ఆ పిల్ల మళ్లీ తన చోట్లో కూర్చుంది. చేతిలోంచి ఒక ముక్క తీసింది. పెద్దాడి ముందు, మోకాలికి మూరెడు దూరంలో పెట్టింది. ఎర్రది కాదు, నల్లది. పేరు చెప్పలేదు. ఈసారి మరిచిపోయి కాదు.

“బావగారూ, ఇదేం ముక్కో చెప్పండి.”

“ఏంటమ్మా? ఆట నేర్పుతుంటే నాకే పరీక్ష పెడతావా?”

“తప్పుగా అనుకోకండి.” ముక్క వైపు వేలు చూపించింది. “ఒక్కసారి చెప్పండి. చెబితే మీ కాళ్లకి దణ్ణం పెట్టి, ఇంక రేపటి గురించి నోరెత్తను. ఆయన్నీ ఎత్తనివ్వను.”

“ఏమే, నీకేమైనా పిచ్చా? ముక్క పేరేమిటి, మధ్యలో…” అంటూ పెద్దకోడలు మొగుడి మొహం చూసి ఆగిపోయింది.

పెద్దాడు ముక్క వైపు వంగాడు. తిన్నగా చూశాడు. తర్వాత తల కొంచెం పక్కకి తిప్పాడు, గింజను చూసే కోడిలాగా. కంటి కొసతో చూస్తున్నాడు.

ఆ తిప్పడం నాకు తెలుసు. మా ఆయన గడియారాలు బాగుచేసేవాడు. రెండేళ్లపాటు ఆ బల్ల ముందు తల అలా పక్కకి తిప్పుకుని కూర్చున్నాడు. మధ్యలో మసక, చుట్టూ మాత్రం కనబడేది. ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. నేనూ అడగలేదు. దుకాణం మెట్లు ఎవరైనా ఎక్కుతుంటే, “రండి మాష్టారూ, రండి,” అని నేనే ముందుగా గట్టిగా పిలిచేదాన్ని, వచ్చిందెవరో ఆయనకి తెలియాలని. పేకలో ముక్కల పేర్లూ అలాగే మొదలయ్యాయి. ఆయన పరువు నిలబడాలని. పిల్లలకి ఆట నియమమని చెప్పాను. వాళ్లు నమ్మారు.

ఇన్నాళ్లుగా పెద్దాడికి నేనేం చేస్తున్నాను? “నీళ్లు నీ కుడిచేతి పక్కన పెట్టానురా.” “చొక్కా గుండీ పైది తప్పింది, ఇలా రా.” “గడప దగ్గర బకెట్టుంది, చూసుకో.” అవన్నీ నా నోటి నుంచే వచ్చాయి. ఎప్పుడు మొదలెట్టానో నాకే గుర్తులేదు. ఇవాళ గ్లాసు దొర్లితే, నిద్రలేక కాబోలు అనుకున్నాను. నాకు తెలియదని అంటే అబద్ధం. తెలుసుకోలేదు. తెలుసుకుంటే భరించాలి కదా, అందుకని.

ఈ ఇంట్లో అందరం పేర్లు చెప్పీ చెప్పీ, వాడి చూపు పోవడం ఎవరికీ కనబడకుండా చేశాం. వాడికి కూడా.

“అమ్మా,” అన్నాడు చిన్నాడు. వాడికీ అర్థమవుతోంది. గొంతులో కోపం పోయింది. పోయి, దాని చోట్లో భయం వచ్చింది. “అన్నయ్య… అమ్మా, అన్నయ్య మంగళవారం బస్సెక్కాలి. మొదటి బస్సు. అది బడి పిల్లలది.”

పెద్దకోడలు చేతిలోని ముక్కలు ఒక్కొక్కటే జారి ఒళ్లో పడుతున్నాయి. ఏరుకోవడం లేదు.

ముక్క అక్కడే ఉంది, అంత వెలుతురులో. కళావరు ఎనిమిది. ఎనిమిది నల్లటి గుత్తులు నాకు ఇక్కణ్నుంచి, ఈ డెబ్బై నాలుగేళ్ల కళ్లకి, శుభ్రంగా కనబడుతున్నాయి. ఎవరో ఒకరు పేరు చెబితే చాలు. రెండు మాటలు. వాడు ఆ రెండు మాటలూ తిరిగి చెబుతాడు. కళ్లు బాగానే ఉన్నాయంటారు. ఆట ముగిసిపోతుంది. చిన్నాడి ఉద్యోగం పోతుంది, బస్సు కదులుతుంది. చెప్పకపోతే పెద్దాడి చేతిలోంచి ఆ స్టీరింగు ఈ పూటే పోతుంది. పద్దెనిమిదేళ్ల సూదిబెజ్జం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఎటు చించుకున్నా నా కాళ్ల మీదే.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు అలాంటిది. నోరు తెరిచాను కూడా.

మూసుకున్నాను.

పెద్దాడు ఇంక ముక్క వైపు చూడలేదు. నేను కూర్చున్న వైపుకి మొహం తిప్పాడు. తిన్నగా కాదు, కొంచెం పక్కకి. అయిదేళ్లప్పుడు చీకట్లో లేచి నన్ను వెతుక్కున్నప్పుడు ఎలా ఉండేదో, అదే మొహం.

“చెప్పమ్మా,” అన్నాడు.